కేళీలు

ఏడేళ్ళుగా మారుటేరు పక్క విత్తనపు మళ్ళల్లో
కేళీలు ఏరే కూలికి పోతున్నాను.
చేనంతా ఒక జాతి అయితే
అందులో దొంగలా కలిసి పెరిగే వేరే జాతి దుబ్బు, అదీ కేళీ.
అదే పచ్చ, అదే ఎత్తు.
ఈనేదాకా దేవుడిక్కూడా తెలీదు.

అందుకే కాకినాడలో డాక్టరమ్మ
కాగితం నిండా చుక్కలు పెట్టి
"పదివేల కణాల్లో ఒక్కటి మిగిలినా పట్టుకునే పరీక్ష" అన్నప్పుడు
మా ఆయన తల గోక్కున్నాడు గానీ
నాకు అర్థమైపోయింది.
"కేళీలు ఏరతారన్నమాట" అన్నాను.
ఆవిడ పెన్ను ఆపింది.
"ఏరేది మందమ్మా.
ఇది గట్టు మీద నిలబడి చూసేది."

ముప్పై మూడో రోజు
కెజియాని పక్కకి తిప్పి పడుకోబెట్టారు.
తుంటి ఎముకలోంచి చిక్కటి ఎరుపు,
అందులో నూనె బొట్లలా మెరిసే నలకలు.
మత్తులో కూడా నా బొటనవేలు వదల్లేదు.
ఐసు డబ్బాలో పెట్టి హైదరాబాదు పంపారు.
కొరియర్ రసీదు మీద బరువు రాశారు,
ధర రాశారు.

పదకొండు రోజులు.
అప్పుడే కాలవ కట్టేశారు.
లాకుల కింద బురదలో
సైకిలు చక్రం, ఎవరిదో వెండి మొలతాడు,
నిండుగా పారినన్నాళ్ళూ
ఇవన్నీ అక్కడే ఉన్నాయి.

రిపోర్టు ఫోన్లో వచ్చింది.
మా తోడికోడలి కొడుకు చదివి
"లేదంట పిన్నీ, లేదంట!" అని గెంతాడు.
డాక్టరమ్మ మాత్రం "కనబడలేదు" అంది.
ఆ రెండు మాటల మధ్య గట్టు ఎంత వెడల్పో నాకు తెలుసు.
ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి వెళ్ళిన చేలో
వారం తిరక్కుండా మీసాల వెన్నొకటి
జానెడు పైకి లేచి నిలబడటం చూశాను.
"మళ్ళీ ఎప్పుడండీ?"
"రెండు నెలలకి."
"ఆ తర్వాత?"
ఆవిడ కేలెండరు పేజీలు తిప్పుతూనే ఉంది.

సంతోషపడ్డాను, అబద్ధమెందుకు.
బస్సెక్కే ముందు మామిడి తాండ్ర కొన్నాను.
దానికి నోట్లో పుళ్ళు, తినలేకపోయింది.
పెనుగొండ వచ్చేదాకా నేనే తిన్నాను.

ఇప్పుడు గుండు మీద నూగు వస్తోంది.
పాస్టరమ్మ చెయ్యేసి "నారుమడిలా ఉందే" అని మురిసింది.
ఆ మాట వద్దమ్మా అన్నాను.
నారు పోసేది పీకడానికి.

రాత్రి దోమతెరలో కెజియా అడిగింది:
"అమ్మా, ఆ ఒక్కటీ కూడా నాదేగా?"
కేళీ వేరే జాతి. జాలి లేకుండా లాగేస్తాను.
ఇది దాని సొంత ఎముకలో పుట్టింది.
ఏం చెప్పను,
తెర అంచు పరుపు కిందకి మళ్ళీ దోపాను.

తెల్లారి చేలో వరసకి ఒకళ్ళం,
తలలు వంచుకుని నడుస్తున్నాం.
"అయిపోయిందా?" మేస్త్రి గట్టు మీంచి కేకేశాడు.
"కనపళ్ళేదు" అన్నాను,
పక్క వరసలోకి కాలు పెడుతూ.