కబురు తీగ

పుదుప్పేటలో ఏళుమలై కొట్టు ముందు
ఊడదీసిన హెడ్‌లైట్లు గుడ్లప్పగించి చూస్తుండగా
తొమ్మిదొందలన్న మీటరుని
నాలుగొందల యాభైకి దించాడు పెంచలయ్య మామ.
అద్దం మీద సన్నటి బీట.
లోపల ముల్లు సున్నా మీద తలపెట్టి పడుకుంది.
"నీకెందుకయ్యా ఇది?" తమిళంలో నవ్వాడు ఏళుమలై.
"చెవి ఒగ్గితే చాలు, ఇంజను ఎన్ని తిరుగుళ్లు తిరుగుతుందో
నోటి లెక్కన చెప్పేవాడివి!"
మామ నోట్లు లెక్కపెడుతూనే ఉన్నాడు.
వినిపించుకోలేదనుకున్నాను నేను.

షెడ్డు రేకుల మీద వాన.
గిరాకీ బండి కాదు, ఆయన సొంత మారుతీ,
కొన్నప్పుడు తెలుపు,
ఇన్నేళ్ల కూవం గాలికి చుట్టలు తాగేవాడి పళ్ల రంగు.

మీటరు వెనక నాలుగు తీగలు.
నల్లది బాడీకి. ఇనుము ఎక్కడ దొరికినా సర్దుకుంటుంది.
ఎర్రది, తాళం తిప్పితే ప్రాణం వచ్చే చోటికి.
తెల్లది రాత్రి దీపానికి.
ఆకుపచ్చదానికే పేచీ.
ఊరంతా తిరిగి ఒక్క ఇంటి తలుపే తట్టాలి అది.

"కాయిల్ మైనస్‌లో ఉంటాది మే. గోధుమ రంగుది."
బానెట్టు కింద ఇరవై ఏళ్ల మడ్డి,
అన్నీ గోధుమ రంగే.
ఒకదానికి ఎవడో హారన్ కోసం అతుకేశాడు,
ఒకదాన్ని ఎలక కొరికింది,
ఒకటి ఎటూ పోదు, ఎందుకుందో దానికే తెలీదు.
గుడ్డ పెట్రోల్లో ముంచి ఒక్కోదాన్నీ తుడిచాను,
చెల్లెలి జడలో పేలు చూసినట్టు
పాయలు పాయలుగా విడదీసి.

టెస్ట్ లాంపు క్లిప్పుని బాడీకి కరిపించి
సూదిమొన ఒక తీగకి ఆనించాను.
వెలిగింది. వెలుగుతూనే ఉంది.
"అది కాదు."
ఇంకోటి. చీకటి.
"అదీ కాదు. ఎప్పుడూ ఉండేది కబురు చెప్పదు మే,
ఎప్పుడూ లేనిదీ చెప్పదు.
తెగి తెగి వచ్చేదాన్ని పట్టు."
ఇంజను ఆన్ చేసి
డాష్‌బోర్డు కింద తల దూర్చాడు.

ఏడో తీగ.
బల్బు మిణుకుమంది,
తెగింది, అతికింది, తెగింది,
చలిజ్వరంలో పళ్లు కొట్టుకున్నట్టు.
"దొరికింది మామా!"
ఆయన కదల్లేదు.
"మామా, దొరికింది!"
వానకంటే పెద్దగానే అరిచాను.
చివరికి తీగ విడవకుండానే
లాంపుని కిటికీలోంచి ఆయన కళ్ల ముందుకు చాచాను.
ఆ మిణుకు చూసి నవ్వాడు.

అప్పుడు గుర్తొచ్చాయి ఒక్కొక్కటే.
స్క్రూడ్రైవరు పిడి ఎడమ చెవికి ఆనించి
ఇంజను లోపలి గుట్టు చెప్పే మనిషి
ఈ ఏడాదిగా కుడి చెవికే ఆనిస్తున్నాడు.
పోయిన నెల టక్ టక్ చప్పుడుతోనే
ఒక బండిని ఇచ్చి పంపేశాడు.
ఆ చప్పుడు నాకు వినబడింది.
అలిసిపోయాడులే అనుకున్నాను.

తీగ ఒలిచి, మెలేసి, టంకం పెట్టి, టేపు చుట్టాను.
ముల్లు లేచింది.
ఆరువందల దగ్గర నిలబడి వణికింది.
"తక్కువ చూపిస్తోంది," అన్నాను
పెదాలు కనబడేలా.
"నాలుగు సిలిండర్ల బండిదిమే ఇది. మనదానికి మూడే.
ముప్పావు వంతే చూపిస్తాది."
"మరి మిగతా పావు?"
అద్దం మీద బీటని బొటనవేలితో రుద్దాడు,
పోతుందేమో అన్నట్టు.
"అది నువ్వు విను."

వాన తగ్గింది.
టీ చెప్పనా అని అడిగాను.
ముల్లునే చూస్తున్నాడు.
బండి చుట్టూ తిరిగి
ఆయన కుడివైపుకి వెళ్లి
మళ్లీ అడిగాను.
"అల్లం దంచి వెయ్యమను," అన్నాడు.