ఒక్క గీత

తీసా నది మీద పొగమంచు.
సెగెద్‌లో రాత్రి పదకొండు.
ఈస్ట్ పళ్ళేలను అతినీల కాంతి కింద పెట్టి
పన్నెండు దాకా లెక్కపెట్టింది బోర్బాలా.

కణమంత ఇరుకులో
దారం చుట్టూ జారే కంకణం
రాసేవాణ్ణి పడిపోకుండా పట్టుకుంటుంది.
తప్పు పడితే
ఒక్కడుగు వెనక్కేసి, కొరికేసి, మళ్ళీ రాస్తాడు.

కాంతి కాల్చి అతికించిన
జంట అక్షరాల దగ్గర మాత్రం
చెయ్యి ఆగిపోతుంది.
అప్పుడు కంకణానికో చిన్న ముడి.
చేతిరాత బాగోని ఇంకొకడొస్తాడు,
ఎలాగో దాటించేస్తాడు.
లేదా చెల్లెలి పలకలోకి తొంగిచూస్తారు:
కాపీ కొట్టడమే అక్కడ ధర్మం.

మూడో రోజు
ముడివేసే ప్రొటీను లేని పళ్ళెం
బోసిపోయింది.
పక్కదాని నిండా మీగడ చుక్కలు.

నోటుబుక్కులో తేదీ తప్పు రాసింది బోర్బాలా.
చెరపలేదు.
ఒక్క గీత కొట్టి
పక్కన సరైనది రాసి
పొట్టి సంతకం పెట్టింది.