పాత ఫైలు మీదే

పర్లాకిమిడి పాత బస్టాండు వెనక
నాది ఫ్లెక్సీ షాపు.
చదరపు అడుగు పన్నెండు రూపాయలు,
చావులకి పదకొండు.

కుసుమ బెహరా పోయిందని
మంగళవారం పొద్దున్న తెలిసింది.
పది దాటకముందే నాలుగు ఆర్డర్లు.

మొదట వచ్చినవాడు వర్తక సంఘం కార్యదర్శి.
ఆమె సినిమా ఆడినప్పుడు
హాలు బయట పేడముద్దతో నిలబడ్డవాడు,
పోస్టర్లో ఆమె మొహం ఎక్కడుందో వెతికి మరీ కొట్టినవాడు.
"కళామతల్లి ముద్దుబిడ్డ అని పెట్టు" అన్నాడు,
"అక్షరాలు బంగారు రంగులో."

తర్వాత గాజుల వీధి కుర్రాళ్లు.
తల్లి చచ్చిపోయిననాడు ఆమె వచ్చి
పదిరోజులకి గది అడిగితే
ఆ వీధిలో గదులన్నీ ఒక్కసారే నిండిపోయాయి.
ఇప్పుడు "మా వీధి ఆడపడుచు" అట.
పైన ఒడియా, కింద తెలుగు కావాలి.
శ్రద్ధాంజలి అన్న మాట రెండింట్లోనూ ఒకటే,
నాకు పని తగ్గింది.

ఏటి అవతల పాతపట్నం నుంచి ఫోను:
"అసలు పుట్టిల్లు మాది, మాకూ ఒకటి."
బతికున్నన్నాళ్లూ
అటువాళ్లు ఇటుదన్నారు,
ఇటువాళ్లు అటుదన్నారు.

నాలుగో మనిషి రిటైరైన కాంపౌండరు.
తన పేరు వద్దన్నాడు.
"ఒక అభిమాని అని చాలు.
చిన్న అక్షరాలు. ఇంకా చిన్నవి."

ఇంట్లో వెతికితే ఒక్క ఫోటో దొరికిందట.
ఏదో షూటింగు మధ్యలో,
ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని,
వేళ్ల మధ్య సిగరెట్టు,
ఎవరినో తిట్టబోతూ సగం తెరిచిన నోరు.

సిగరెట్టు తీసేసి గులాబీ పెట్టాను.
జాకెట్టు చేతులు మోచేతి దాకా దించాను.
బొట్టు రూపాయి కాసంత చేశాను.
మెత్తబరిచే కుంచె ఒకటుంది కంప్యూటర్లో,
బుగ్గల మీద నాలుగుసార్లు తిప్పితే
నలభై తొమ్మిదేళ్ల కోపం పోయింది.
పెదవి మీద పాత కోత ఉంటే
అదీ పూడ్చేశాను.
వెనక మేఘాలు, మేఘాల్లోంచి వెలుగు.

నేను మాత్రం ఏం తక్కువ.
కిందటేడు వానాకాలం షాపుకొచ్చింది,
పిల్లలకి నటన నేర్పుతానని చిన్న బోర్డు కోసం.
డబ్బంతా ముందే కట్టమన్నాను.
ఈవిడ దగ్గర ఎవరు చేర్పిస్తారులే అని
పనికుర్రాడితో అన్నాను,
గొంతు తగ్గించకుండా.
గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.
ఇవాళ నాలుగు ఆర్డర్లకీ అడుగు పదికే వేశాను,
ఎవరూ అడక్కుండానే.

సాయంత్రానికి ఊరంతా ఆవిడే.
గుప్‌చుప్ బండి వెనక, పెట్రోలు బంకు గోడ మీద
ఆమె ఎన్నడూ నవ్వని నవ్వు.
ఆటోవాడొకడు ఆగి దణ్ణం పెట్టాడు.

దీపాలు పెట్టే వేళ ఎండుచేపల దాలెమ్మ
నా గుమ్మంలో తట్ట దించింది.
ఆరుతున్న ఆఖరి ఫ్లెక్సీని చాలాసేపు చూసింది.
"ఎవుర్రా యీవిడ?"
కుసుమ కదే, అన్నాను.
"కుసుమేటి! పెదిమ మీద కోతేదిరా?
నానిసిరిన గిన్నె తగిలిందది!
తొమ్మిదొందలు బాకీ ఉన్నాది నాకు.
అడిగితే ఇవ్వనే ముసిల్దానా అంటాది,
మల్లీ నా కంచంలోనే చెయ్యెడతాది.
సిగ్గునేని గుంట."

ఉన్నాది. అంటాది. ఎడతాది.
ఊరంతా ఆమెని దండవేసి సాగనంపాక
ఈ ముసలిదాని తిట్టులో
ఇంకా కూర్చుని అన్నం తింటోంది కుసుమ.

"కోతెట్టి నాకోటియ్యి. చిన్నది.
డబ్బులిస్తాన్లే."
కొంగుముడి విప్పింది,
చేపల వాసన కొట్టే పది నోట్లు.

ఫోల్డర్లన్నీ తెరిచాను.
పొద్దున్న తొందరలో
ఆ మెత్తటి మొహాన్ని
పాత ఫైలు మీదే సేవ్ చేసేశాను.
కాగితం ఫోటో తిరిగిచ్చేశాను కదా,
మధ్యాహ్నమే చితి మీద
ఆమె గుండెలమీద పెట్టేశారట.

దాలెమ్మ కదల్లేదు.
వేలితో తన పెదవి మీదే గీసి చూపిస్తోంది:
ఇక్కణ్ణించి,
ఇదిగో, ఇక్కడిదాకా.