రోంత దించండప్పా

పత్తి లారీలు వెనక్కి జరిగితే
మిగిలిన జాగాలో మా స్టేజీ.
ఆదోనిలో, జిన్నింగ్ మిల్లు కాంపౌండులో,
వేలం అరుపులు అయిపోయిన శనివారం.
పీపాల మీద చెక్కలు, చెక్కల మీద జంపఖానా,
జంపఖానా కింద ఒక మేకు.
బెంజిమన్ సార్ అందరికీ చూపించినాడు.
అందరమూ తొక్కినాం.

పగలు నేను కాటా గుమాస్తా.
బోరేనికి ఎంత తరుగు తీయాలో నా వేళ్ళకు తెలుసు.
రాత్రి అవే వేళ్ళు వయొలిన్ మీద.
గోళ్ళ సందున ఇరుక్కున్న పత్తి పీచు
తీగకు తగిలితే
స్వరం ఒక్కసారి దగ్గుతుంది.

మొత్తం పదకొండు మందిమి.
క్లారినెట్ సుంకన్న పెండ్లి మేళం నుంచి నేరుగా వచ్చినాడు,
ఎర్ర కోటు ఇప్పకుండానే, భుజం మీద అక్షింతలు.
డోలక్ ఖాసింపీరా. కీబోర్డు మీద
వాళ్ళ చెల్లెలి కొడుకు, పదో తరగతి తప్పినోడు.
మాది ఆర్కెస్ట్రా అంటే నవ్వేవాళ్ళు నవ్వుతారు.
బెంజిమన్ సార్ మాత్రం
డ్రిల్లు మాస్టరు విజిలు జేబులో పెట్టుకొని
లెక్క ప్రకారమే చెయ్యి ఎత్తుతాడు.

గెస్టు సింగర్ తిలోత్తమ గారు, మద్రాసు.
పోస్టరు మీది ఫొటోకు ముప్పై ఏళ్ళు.
రైలు దిగిన మనిషికి మంకీ క్యాపు,
చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, ఇంకేమీ లేదు.

స్టూడియోలో మొదట పాడేది ఆమేనంట.
ఆ గొంతుకే హీరోయిన్లు పెదాలు కదిపేవాళ్ళంట.
ఆనక పెద్ద గాయని తీరిక చేసుకొని వచ్చి పాడితే
ఈమె గొంతు తీసేసేవాళ్ళు.
కాటా మీంచి బోరెం దించినట్టు.
ముల్లు మళ్ళీ సున్నాకు.

మేము ఐదున్నర శ్రుతిలో రాసుకున్నాం,
రెండు నెలలు అరగదీసినాం.
ఆమె మైకుకు చెయ్యి అడ్డం పెట్టి
ఒక్క గీర తీసి చూసుకొని, మా వైపు తిరిగి,
"రోంత దించండప్పా" అనింది.

మద్రాసు మాట కాదది.
సుంకన్న తలెత్తినాడు. "యాడమ్మా మీది?"
"పత్తికొండ. చెప్పొద్దులే, పోస్టరు పాడైపోతుంది."

కీబోర్డు పిల్లోడు ఒక బటన్ నొక్కినాడు, వాని పని అయిపాయ.
నేను బిరడాలు తిప్పుతా ఉన్నా.
ఖాసింపీరా డోలక్ తాళ్ళు సడలిస్తా ఉన్నాడు.
క్లారినెట్‌కు తిప్పేదానికి చెవి లేదు.
సుంకన్న ప్రతి స్వరానికీ ఇల్లు మార్చుకోవల్ల.
కండ్లు మూసుకొని వేళ్ళతో లెక్కపెడతాండాడు,
బాకీలు గుర్తు చేసుకునేటోని మాదిరి.
జనం ఈలలు.
మిల్లు సేటు మనిషి గడియారం చూసినాడు, ఇంకోసారి చూసినాడు.

పాట అందరికీ తెలిసిందే.
ఎక్కడ మెలిక వస్తుందో అందరికీ తెలుసు,
అక్కడ చప్పట్లకు చేతులు ఎత్తి పెట్టుకున్నారు.
ఆమె మెలిక వేయలేదు.
తిన్నగా పోయింది, చెప్పుల్లేని మనిషి
గరుసు దారిలో చూసుకొని నడిచినట్టు.
ఎత్తిన చేతులు
ఏం చేయాలో తెలీక మోకాళ్ళ మీదికి దిగినాయి.

రెండో చరణంలో గొంతు ఆగింది.
దగ్గు కాదు, ఏడుపు కాదు. గాలి చాలలేదు.
ఆ ఖాళీలోకి సుంకన్న దూరినాడు,
కొత్త ఇంట్లో చీకట్లో తడుముకుంటా
తప్పు స్వరం పట్టినాడు.
బెంజిమన్ సార్ ఎత్తిన చెయ్యి అట్లే గాల్లో.
ఆమె ఆ తప్పునే అందుకొని
అక్కడి నుంచే పాట ఎత్తుకొని పోయింది.
వెనకాల బోరేల మీద పండుకున్న హమాలీ ఒకడు
లేచి కూర్చున్నాడు.

అయిపోయినాక, "ఎవురన్నా రికార్డు చేసినారా?" అని అడిగింది.
కీబోర్డు పిల్లోని సెల్లులో ఉంది.
చెవికి ఆనించుకొని కడదాకా విన్నది.
నడుమ లారీ రివర్సు కూత, ఎవరిదో తుమ్ము.
"అవి తీసేస్తా మేడమ్, యాప్ ఉంది" అన్నాడు వాడు.
"ఏమీ తీసేయొద్దురా" అనింది.

రైలుకు ఇంకా గంట.
స్టేషను ఎదురుగా బండి కాడ ఉగ్గాని తినిపించినాం.
మిరపకాయ బజ్జీ వద్దనింది, గొంతుకు పడదని.
సుంకన్న ప్లేటులోది
మా కండ్ల ముందరే తీసుకొని తినింది.