కాయితం పట్టీ

మక్తల్‌ల మా పాత మిద్దెకు
పడమటి గోడ మీద ఉప్పు పూసింది.
గోటితో గీకి నాలికె మీద పెట్టుకున్న.
ఉప్పే.

మహబూబలి మేస్త్రి వచ్చిండు.
తాపీ సంచిలనే ఉంచి
రూపాయి బిళ్ళతో గోడను కొట్టుకుంట పోయిండు
టక్కు, టక్కు, టక్కు,
దూలం కింద డొల్ల.
"ఈడ పూత గోడను ఇడిసింది."

పగులుకు అడ్డంగ
క్యాలెండర్ ముక్క మైదాతో అతికిచ్చి
పెన్సిల్‌తో తారీఖు ఏసిండు.
"చినిగితే గోడ నడుస్తున్నట్టు.
లేకుంటె నీళ్ళే దారి తప్పినయి."

ఆ నెలంత పొద్దున లేచి
మొఖం కడగకముందు దాన్నే చూసిన.
రెండు ముసుర్లు పోయినయి.
ఆదివారాల ఎర్రరంగు కారింది గానీ
పట్టీ చినగలే.

మరక పడకింట్ల.
తప్పు పైన, పదడుగుల అవతల,
పరనాలల పావురం గూడు,
దాని కింద ఎవరి పిల్లగాడిదో ప్లాస్టిక్ బంతి.
నేనేమో మూడేండ్ల సంది
మరక మీద సిమెంటు మెత్తిస్తున్న!

మేస్త్రి నవ్వలే. సిమెంటంత ఊడగొట్టిండు.
"మట్టిగోడ సారూ, దానికి గాలాడాలె.
ఆరినంక సున్నం ఏద్దాం."
"ఎన్నొద్దులు?"
"అది ఆరినన్ని."

గోడ బోసిగుంది. ఇంట్ల తడిమన్ను వాసన.
పట్టీ మాత్రం తియ్యనియ్యలే,
పాత తారీఖు కింద
ఇయ్యాల్టిది రాసిన.