ఇరవై రెండో పేజీ

కాన్సస్‌లో, సలైనా లైబ్రరీ వెనకగదిలో
చిరిగిన పుస్తకాలకు కట్లు కట్టడం నా ఉద్యోగం.
మైదా జిగురు, పల్చటి కాగితం, ఎముక మడతకర్ర.
ఏప్రిల్ వచ్చిందంటే నా బల్ల మీదకి
అన్నీ గాలివాన పుస్తకాలే.

ఐదొందల యాభైఒకటి పాయింటు ఐదు ఐదు.
పిల్లల మోకాలెత్తు అర.
డైనోసార్ల కన్నా ఎక్కువ నలిగేది అదే.
కుట్లు తెగి, మూలలు ఎండిన తమలపాకుల్లా ముడుచుకుని,
ఒకదాంట్లో వేరుశనగ వెన్న మరక
సరిగ్గా తుపాను కన్ను మీద.

ఎర్రబాణం వేడిగాలి, పైకి.
నీలిబాణం చల్లగాలి, కిందకి.
రెండూ కలిసేచోట చిత్రకారుడు
బూడిదరంగు గరాటు ఒకటి దించాడు,
దాని కొసన చిన్న ఆవు.
ఆవు మొహంలో భయం లేదు.
పిల్లల పుస్తకం కదా, ఆవుకి ఏమీ కాకూడదని
ఎవరో ముందే అనుకుని ఉంటారు.

మా ఒంగోలు వైపు సుడిగాలంటే
మిట్టమధ్యాహ్నం బడి ఆవరణలో
దుమ్మూ చిత్తుకాగితాలూ గిరగిరా లేవడం.
దెయ్యం పోతోందని తుపుక్కున ఉమ్మి పక్కకి జరిగేవాళ్ళం.
అంత చిన్న మాటని తెచ్చి
ఇక్కడి గాలికి తొడగబోతే
భుజాల దగ్గరే పిగిలిపోయింది.

ఈసారి మంగళవారం వచ్చిన పుస్తకంలో చిరుగే లేదు.
ఇరవై రెండో పేజీ. "సైరన్ మోగగానే ఏం చేయాలి?"
అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ ఒక పిల్లీ
టార్చిలైటుతో బేస్‌మెంట్ మెట్లు దిగుతున్నారు.
కింద అంచున పెన్సిలు రాత, కాస్త ఎడమకి ఒరిగి:
"మాకు మెట్లు లేవు. మాది ట్రైలర్."

రాతలు చెరపడం కూడా నా పనే.
రబ్బరు తీశాను.
మళ్ళీ డబ్బాలో పెట్టాను.
అరలో మిగిలిన పదకొండూ తెచ్చుకుని కూర్చున్నాను.
పదకొండు ఇళ్ళు. పదకొండింటికీ మెట్లు.
ఒక్కదాంట్లో మాత్రం, వెనకపేజీ అడుగున,
చీమ తలకాయంత అక్షరాల్లో:
"మొబైల్ హోముల్లో ఉండేవారు
దగ్గర్లోని గట్టి భవనానికి వెళ్ళాలి."
బొమ్మ లేదు.
ఆ మాటకి బొమ్మ వేయడం ఎవరికీ చేతకాలేదు.

గట్టి భవనం.
నా కుర్చీ కింద కాంక్రీటు, దాని కింద పాత పత్రికల గది.
సర్దుకుంటే నలభై మంది పడతారు.
ఓ చీటీ రాసి ఆ పిల్లి పక్కన అంటించాను:
"లైబ్రరీకి రా. ఉత్తరం తలుపు.
పద్నాలుగు మెట్లు. నేను లెక్కపెట్టాను."
పుస్తకం అరలో పెట్టేశాను, రొవీనాకి చెప్పకుండా.
చెబితే బోర్డు, బోర్డంటే ఇన్సూరెన్సు,
ఇన్సూరెన్సంటే నవంబరు.

తొమ్మిది రోజులకి తిరిగొచ్చింది.
తీసుకెళ్ళిందెవరో చూడకూడదు, చూశాను.
ఓరిన్ టెస్క్. ఎనిమిదేళ్ళు.
నా చీటీ కింద అదే పెన్సిలు:
"రాత్రిపూట తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

పేజీ తెరిచి పట్టుకునే రొవీనా గదిలోకి వెళ్ళాను.
ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివింది.
నవంబరు ఊసెత్తలేదు.
సొరుగు లాగింది.

తాళంచెవి ఇప్పుడు నా పర్సులో, దగ్గుబిళ్ళల పక్కన.
మా ఇంటి నుంచి లైబ్రరీకి
ఎర్రలైట్లు పడకపోతే ఆరు నిమిషాలు.
పద్దెనిమిదో పేజీ లెక్కన
హెచ్చరికకీ గాలికీ మధ్య సుమారు పదమూడు.
ట్రైలర్ల పార్కు నుంచి ఎంతో తెలీదు.
ఆదివారం కారు తీసి కొలిచి రావాలి,
పగలొకసారి, చీకట్లో ఒకసారి.
వాళ్ళకి కారు ఉందో లేదో
ఏ పేజీ అంచునా రాసి లేదు.