గ్రేడింగు

టంగుటూరు టోల్‌గేటు దాటాక
ఎడమచేతి పక్క మా హోము.
పైన పన్నెండు గదులు, డిపాజిట్టు కట్టినోళ్ళవి.
కింద ఒకటే హాలు, ఇరవై రెండు మంచాలు.
మమ్మల్ని ట్రస్టోళ్ళు అంటారు.

ముప్పై ఏడేళ్ళు పొగాకు గ్రేడింగు చేసినదాన్ని.
ఆకు వేళ్ళ మధ్య పెట్టి ఒక్కసారి రుద్దితే
బ్రైటో, మీడియమో, లోగ్రేడో
కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని.
ఇక్కడ మనుషుల్ని గ్రేడు చేసేదానికి
అంత అనుభవం అక్కర్లా.
పన్నెండింటికి గంట కొడితే బ్రైటు,
ఒంటిగంటకు కొడితే మేము.
వాళ్ళ చారులో పోపు తేలుద్ది,
మా చారులో సీలింగు ఫ్యాను తిరుగుద్ది.
లిఫ్టు తాళం వాచ్‌మన్ సింగరయ్య మొలతాడుకుంటది.
మిద్దె మీద బట్టలారేసేదానికి నాకు మెట్లే.

ఆరో నంబరు గది వకుళాదేవి గారు
ఎవరో నాకు తెలుసు.
కొండపి కాడ ఆమె కాపురానికొచ్చిన ఏడు
వాళ్ళ బ్యారన్లో కర్రలకు ఆకు అల్లాను.
ఆమె నన్ను గుర్తుపట్టలా.
అరవైమందిమి తలకు గుడ్డలు చుట్టుకుని
వంగి పనిచేసేవాళ్ళం,
ఆమెకు కనపడింది వీపులేగా.

కార్తీకంలో తుపాను పట్టి రెండ్రోజులు కరెంటు పోయింది.
జనరేటరులో డీజిలూ అయిపోయింది.
రెండో రాత్రి మెట్ల మీద చెప్పుల చప్పుడు.
ముందు టార్చి వెలుగు, వెనక ఆమె.
"ఒక్కదాన్నే... గాలి తలుపు కొడతా ఉంది" అంది.
ఎవరూ మాట్లాడలా.
నేను కాళ్ళు ముడుచుకున్నా.
మంచం అంచున కూర్చుంది, చీర తగలకుండా.
కాసేపటికి నడుము వాల్చింది.
తెల్లారుజామున నిద్రలో నా చెయ్యి పట్టుకుంది.
అలవాటు చొప్పున ఆ వేళ్ళు రుద్ది చూశా.
తేమ పట్టిన ఆకు.
గ్రేడు తెలియలా.

పొద్దున కరెంటొచ్చింది. ఆమె పైకెళ్ళింది.
పన్నెండింటికి గంట కొట్టారు.
మెట్ల కాడ ఎదురుపడితే
నా వెనకున్న గోడను పలకరించినట్టు తలూపింది.

ఊరకే ఆమెనే అంటే పాపం తగులుద్ది.
మా హాల్లో చివరి మంచం పోలమ్మది, యానాదామె.
మొగుడూ తనూ రొయ్యల గుంటల కాడ కాపలా ఉండేవాళ్ళు,
అతను పోయాక ఎవరో ఆటోలో తెచ్చి దింపారు.
ఆమె మంచం బాత్రూం తలుపు కాడికి జరపమని
మేనేజరుకు చెప్పింది ఎవరనుకున్నారు?
నేనే.
వాసన, అన్నాను.
గ్రేడింగు నుంచి ఇంటికెళ్ళే బస్సులో
నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది.
గుర్తులేక కాదు.

తుపాను రాత్రి జల్లు మంచాల మీదకి కొడుతుంటే
పోలమ్మ ఒక్కతే లేచి
కిటికీలకు గోనెపట్టాలు కట్టింది.
తడిసిన చీరతో నిలబడ్డ ఆమె కోసం
ఎవరమూ కాళ్ళు ముడుచుకోలా.

మొన్న మేనేజరు వచ్చి నిలబడ్డాడు.
ఆరో నంబరు డిపాజిట్టు అయిపోయిందంట,
కట్టేవాళ్ళు ఫోనెత్తడంలేదంట,
సోమవారం కిందకి దించుతారంట.
మంచం యాడ వెయ్యాలో మీరే తేల్చుకోండన్నాడు.
హాలంతా నా మొహం చూసింది,
వేలంలో బయ్యర్లు చెక్కు ముందు ఆగినట్టు.
నోబిడ్ పడ్డ చెక్కును
రైతు మళ్ళీ ట్రాక్టరుకెత్తుకునేటప్పుడు
ఎవరూ అతని కళ్ళలోకి చూడరు.
వకుళాదేవి గారు ఏ మెట్టు మీద నిలబడి
ఇదంతా వింటుందో, నేనూ పైకి చూడలా.

లేచి పోలమ్మ మంచం పట్టె పట్టుకున్నా.
మోకాలు కలుక్కుమంది.
కిటికీ పక్కన, నా మంచానికి ఆనుకుని
రెండు మంచాలు పట్టుద్దేమోనని
కళ్ళతోనే కొలుస్తా ఉన్నా.
"మళ్ళీ యాడికి జరుపుతావే మాలకొండమ్మా"
కళ్ళు తెరవకుండానే అడిగింది.
జవాబు నోట్లోనే ఉంది,
పొగాకు చెయ్యి కడుక్కోకుండా
కలుపుకున్న ముద్దలా.